ఆనకట్ట క్రింది అన్నము

పాపికొండల యిరుకును దాటి, రాజమహేంద్రవరపు ముంగిట విశాలమై, లంకల నడుమ పాయలుగా చీలి గోదావరి ప్రవహించు ధవళేశ్వరము కడ, 1847వ సంవత్సరమున ఆర్థర్ కాటన్ ఆనకట్టకు పునాది వేయించి 1852 నాటికి పని ముగించెనన్న సంగతి ఈ సీమలో బడిపిల్లలకు సైతము తెలిసినదే. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు ఖండములుగా, అన్నియు కలిపి రెండు మైళ్ళకు పైబడిన ఆ రాతికట్టడమును గూర్చియు, దాని కాలువల క్రింద పచ్చబడిన పది లక్షల యెకరముల మాగాణిని గూర్చియు గ్రంథములు కలవు, విగ్రహములు కలవు, ప్రదర్శనశాల కలదు. ఆ మాగాణి పండించిన అన్నము డెల్టావాసుల దేహములలో ప్రవేశించి, నాలుగైదు తరముల కాలములో వారి రక్తమును, కండను, కాలేయమును ఏ తీరున మార్చినదో చెప్పు చరిత్ర మాత్రము వైద్యుల పత్రికలలో చెదరి యున్నది. నేడు ఈ ప్రాంతమున ఏ యింట విచారించినను “మా నాన్నగారికి షుగరండీ” యను మాట వినవచ్చుచుండుటకు మూలమా చరిత్రలోనే వెదకవలసియున్నది.

ఆనకట్టకు ముందు ఈ మండలము ఆకలిని బాగుగా నెరిగినది. 1832–33లో వచ్చిన నందననామ సంవత్సరపు కరవు గుంటూరు సీమను శ్మశానప్రాయము గావించి గోదావరీతీరమును సైతము విడువలేదు. 1839లో కోరంగి రేవును ముంచిన ఉప్పెన సముద్రపుటంచు పల్లెలను తుడిచివేసెను. 1821లో సుమారు 7 లక్షల 38 వేలుగా లెక్కకు వచ్చిన రాజమండ్రి జిల్లా జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగజారెను. ఇట్లు మిగిలిన జనులలోనుండియే దాదాపు పదివేలమంది స్త్రీపురుషులు ఆనకట్ట పనికి కూలికి వచ్చిరి. కాటన్‌కు కుడిభుజమై పనివారిని కూర్చిన వీణం వీరన్న పేరు నేటికిని ఇచ్చట గౌరవముతో తలచుకొందురు. కొండరాతిని పగులగొట్టి, రేవునకు చేర్చి, ఇసుకలో బావులవలె గుంటలు దింపి, తట్టలతో మన్ను మోసిన ఆ జనుల యాహారము, జొన్నలు, గంటెలు, చోళ్ళు మొదలగు మెట్టధాన్యములతో కాచిన అంబలియు సంకటియు ప్రధానముగా గలది. వరియన్నము నాడు బీదవానికి నిత్యవస్తువు కాదు.

అట్టి కూలివాని దేహమున అంబలి యేమయ్యెడిదో నేటి శాస్త్రము సాయమున మనము తెలిసికొనగలము. వయోజనుని శరీరమున సుమారు ఐదు లీటర్ల రక్తము తిరుగుచుండగా, అందు పరగడుపున కరగియుండు గ్లూకోజంతయు ఐదు గ్రాములకు మించదు. అనగా చిన్న చెంచాడు. మెదడొక్కటియే దినమునకు సుమారు 120 గ్రాముల గ్లూకోజును వ్యయపరచును. కడుపునిండ తిన్న ఒక పూట అన్నమునుండి నూరు గ్రాములకు తక్కువగాని గ్లూకోజు రెండుమూడు గంటలలో రక్తమున ప్రవేశించును. వచ్చునది అంత, పోవునది అంత. నడుమ నిలుచునది మాత్రము ఆ చెంచాడే. పరగడుపున నూరు మిల్లీలీటర్ల రక్తమునకు 70 మొదలు 100 మిల్లీగ్రాముల నడుమ దానిని నిలిపియుంచుటలో దేహము చూపు నైపుణ్యము, ఏ మానవనిర్మిత యంత్రమునకును తీసిపోనిది. ఈ రహస్యమున మొదటి ముడి విడినది ధవళేశ్వరమున రాళ్ళు కొట్టుచుండిన దినములలోనే: 1848లో పారిస్ నగరమున క్లాడ్ బెర్నార్ అను శరీరశాస్త్రజ్ఞుడు, చక్కెరయన్నది ముట్టని జంతువు కాలేయమునుండి వెలువడు రక్తములోను చక్కెర కలదని కనుగొని, తొమ్మిదేండ్ల తరువాత ఆ చక్కెరకు మూలమైన గ్లైకోజెన్ అను నిలువపదార్థమును వేరుచేసి చూపెను. తిన్న దానిలో కొంత కాలేయమున సుమారు నూరు గ్రాములవరకు, కండరములలో అంతకు మూడు నాలుగింతలు గ్లైకోజెనుగా నిలువయుండుననియు, రాత్రి నిద్రలో మెదడు ఆకలిగొనకుండ కాలేయము తన నిలువను విప్పి యిచ్చుచుండుననియు, కండరముల నిలువ మాత్రము ఆ కండరములకే తప్ప ఇతరులకు పంచబడదనియు తరువాతి పరిశోధకులు తేల్చిరి.

ఈ రాకపోకలను నడపునది క్లోమము. అందు చెదురుగానుండు లాంగర్‌హాన్స్ పుటికలలోని బీటా కణములు భోజనానంతరము ఇన్సులినును స్రవించును. అది కండరమునకు, క్రొవ్వుకు గ్లూకోజును లోనికి తీసికొమ్మని తెలుపుటయేగాక, కాలేయమునకు ఇక నీవు విడుదల చేయవలదని కూడ తెలుపును. భోజనము దూరమైనపుడు అదే పుటికలలోని ఆల్ఫా కణములు గ్లూకగాన్ అను ప్రతిపక్షపు స్రావముచే కాలేయమును మేల్కొలుపును. కాని యిందొక విశేషము గలదు, దానిమీదనే ఈ వ్యాసమంతయు ఆధారపడియున్నది. పనిచేయుచున్న కండరము ఇన్సులిన్ సెలవు కొరకు వేచియుండదు. గునపము లేపిన భుజము, బురదలో దిగిన పిక్క, రోకలి నెత్తిన ముంజేయి తమకు వలసిన గ్లూకోజును తామే లోనికి తీసికొనును. పని ఆగిన పిదప కూడ, ఖాళీయైన నిలువ నిండువరకు, ఇన్సులిన్ మాటను చక్కగా వినును. ఆ గ్లూకోజు విరిగి కండరమునకు శక్తిగా మారు మార్గమును వెలికితీసిన వారిలో మన డెల్టా బిడ్డ యొకడుండుట తలచుకొన్నపుడెల్ల హృదయము పొంగును: 1895లో భీమవరమున జన్మించి, రాజమండ్రిలో చదివి, సముద్రములు దాటి హార్వర్డు చేరిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కండరమున గుర్తించెను. దేహమున జరుగు ప్రతి పనికిని చెల్లుబాటగు శక్తిరూపము ఆ ఏటీపీయే.

కాలువలు వచ్చెను, వరి వచ్చెను, సార్వా తరువాత దాళ్వా వచ్చెను, డెల్టా అన్నపూర్ణయని పేరు గాంచెను. తొలిదినములలో ఆ వరి తిన్న దేహమునకు హాని కలుగకుండుటకు కారణము రోలు రోకళ్ళే. ఇద్దరు ముగ్గురు స్త్రీలు ఒకే రోటి చుట్టును నిలిచి, పొన్ను వేసిన రోకళ్ళను ఒకదాని వెంట ఒకటి తప్పక వేయుచు, ఊపిరిని ఆ దెబ్బతోనే విడుచుచు, నడుమ నడుమ చెదరిన గింజలను కాలితో రోటిలోనికి త్రోయుచు దంచెడివారు. ఊక చెరిగి, మరల పోసి దంచి, నూకలు వేరుచేసి, తవుడు గేదెకు ఎత్తిపెట్టెడివారు. ఎంత దంచినను గింజపై ఎఱ్ఱని పొర కొంత మిగిలియే యుండెడిది. ఆ పొరలోని పీచు అన్నము అరుగుటను నిదానింపజేయును. అందలి బి1 విటమిను, గ్లూకోజు సగము విరిగి పైరువేట్ అను దశకు వచ్చిన పిదప పూర్తిగా దహింపబడుటకు అవసరము. మఱియు ఆ అన్నమును వండి తినబోవు స్త్రీయే దానిని దంచుటచే, భోజనమునకు ముందే ఆమె కండరములు దానికొఱకు సిద్ధపడి యుండెడివి.

తెల్లబియ్యముపై మోజునకు ఈ తీరమున పూర్వచరిత్రయు గలదు. ఆనకట్టకు ముందే, 1835లో, జాన్ గ్రాంట్ మాల్కమ్‌సన్ అను కుంఫిణీ వైద్యుడు ఉత్తరసర్కారులలోని సిపాయిలను పీడించుచుండిన బెరిబెరిని గూర్చి మద్రాసున ఒక పెద్దగ్రంథము ప్రకటించెను. కాళ్ళు మొద్దుబారి, వాచి, గుండె నీరసించి మనుష్యులు కూలుచుండిన ఆ వ్యాధికి హేతువు నాడెవ్వరికిని తెలియదు. ఇరువదవ శతాబ్దమున బియ్యపుమరలు వెలసి, రోకటిపాటలు సద్దుమణగి, తవుడంతయు గింజను వీడిపోవుటతో ఈ వ్యాధి మరల విజృంభించెను. కూనూరు పోషకాహార పరిశోధనశాలలో ఏక్‌రాయిడ్ ప్రభృతులు 1940లో భారతదేశపు బియ్యపు సమస్యను గూర్చి వెలువరించిన గ్రంథము, ఉప్పుడుబియ్యము తిను తమిళ మలయాళ సీమలలో అరుదైన బెరిబెరి, మరపట్టిన పచ్చిబియ్యము తిను ఉత్తరసర్కారుల కోస్తాలోనే ఏల పాదుకొన్నదో విశదపరచెను: లోపించినచో ఈ వ్యాధిని కలిగించు ఆ బి1 విటమిను, వడ్లను ఉడికించునపుడు గింజ లోపలికి ఇంకి, మర దెబ్బకు దక్కును, పచ్చివడ్లను మరాడించినపుడు తవుడుతో కొట్టుకొనిపోవును, మిగిలినదేదైన నున్నచో పలుమార్లు కడిగిన కడుగునీటితోను, వార్చిన గంజితోను పోవును. అన్నము సమృద్ధిగా నున్నచోటనే, అన్నములోని గ్లూకోజును వినియోగించుకొను శక్తి లేక మనుష్యులు రోగగ్రస్తులగుట ఈ డెల్టా చూచిన మొదటి హెచ్చరిక. నా దృష్టిలో నేటి మధుమేహమునకు ఇదియే పూర్వరంగము. ఆహారవైవిధ్యమును, మందుబిళ్ళలును బెరిబెరిని తొలగించినవి. తెల్లబియ్యము మాత్రము యథాస్థానముననే నిలిచినది.

ఈలోగా పశ్చిమదేశములలో మధుమేహరహస్యము మెల్లగా విడివడుచుండెను. 1889లో స్ట్రాస్‌బర్గ్ నగరమున మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ అనువారు కుక్క దేహమునుండి క్లోమమును తొలగింపగా దానికి మధుమేహము కలిగెను. 1921లో టొరొంటోలో బాంటింగ్, బెస్ట్ అనువారు ఆ గ్రంథినుండి ఇన్సులిన్ సారమును తీయగా, మరుసటి జనవరిలో మరణోన్ముఖుడైన ఒక పదునాలుగేండ్ల బాలుడు దానిచే బ్రదికెను. ఇన్సులిన్ లేమియే రోగమనియు, ఇన్సులిన్ ఇచ్చుటయే చికిత్సయనియు లోకము నమ్ముచుండగా, 1936లో లండనులో హెరాల్డ్ హిమ్స్‌వర్త్ అను వైద్యుడు రోగులకు గ్లూకోజును, ఇన్సులినును ఒక్కమారుగా ఇచ్చి చూచి, కొందరిలో ఇన్సులిన్ వెంటనే పనిచేయుచుండగా మఱికొందరిలో అది యున్నను లేనట్లే యుండుట గమనించి, రోగులు రెండు తెగలని ప్రకటించెను. 1960లో యాలో, బెర్సన్ అనువారు రక్తములోని ఇన్సులినును కొలుచు పద్ధతిని కనుగొని చూడగా, నడివయస్సున మధుమేహము వచ్చిన పలువురిలో అది తక్కువగా గాక, ఆరోగ్యవంతులకన్న హెచ్చుగా నుండుట బయటపడెను. లోపించినది ఇన్సులిన్ కాదు. దాని మాటను ఆలకించు శక్తి. ఇదియే ఇన్సులిన్ నిరోధకత.

దీని పుట్టుకను ఈ సీమవారికి చెప్పుటకు కాలువను మించిన దృష్టాంతము లేదు. పిల్లకాలువ పూడినకొలది, చివరి పొలమునకు వెనుకటియంత నీరే చేరవలెనన్నచో లస్కరు తూము తలుపును మునుపటికన్న పైకెత్తవలెను. పూడిక పెరిగినకొలది ఇంకను ఎత్తవలెను. తలుపు మొత్తము ఎత్తిన పిదప ఇక అతడు చేయగలది లేదు. దేహమున పూడిక యనదగినది క్రొవ్వు: చర్మము క్రింది నిలువలు చాలక, కండరకణములలోనికిని కాలేయకణములలోనికిని చొరబడిన క్రొవ్వు, ఇన్సులిన్ తెచ్చిన సందేశము కణము లోపలికి సాగకుండ అడ్డుపడును. భోజనానంతరము ఇన్సులిన్ ప్రేరణచే రక్తమును వీడు గ్లూకోజులో అధికభాగమును తీసికొనవలసిన కండరము తలుపు మూసికొనగా, కాలేయము కూడ ఆజ్ఞను పెడచెవిని పెట్టి అర్ధరాత్రి అనవసరముగా చక్కెరను విడుదల చేయగా, బీటా కణములు రెట్టింపు, మూడురెట్లు ఇన్సులినును తయారుచేయుచు ఏండ్ల తరబడి రక్తపు చక్కెరను హద్దులో నిలిపియుంచును. అందుచేతనే ఈ వ్యాధి ఏండ్లకొలది ఎవ్వరికిని తెలియకుండ పెరుగును. ఆ కణములు అలసి సన్నగిల్లిననాడు మాత్రమే పరగడుపు రక్తమున చక్కెర 126 దాటి, రోగి వైద్యుని గుమ్మమెక్కును.

అన్నము సమృద్ధమైన దేశములన్నిటిని ఈ వ్యాధి ఒకే తీరున పట్టలేదు. మనవారిని సన్నని దేహములలోను, చిన్నవయస్సులోను పట్టుచున్నది. దీనికి కారణము పూర్వపు ఆకలిలోనే యుండవచ్చునని 1992లో హేల్స్, బార్కర్ అను ఆంగ్లేయ పరిశోధకులు సూచించిరి. గర్భమున పోషణ చాలని శిశువు మెదడును కాపాడుకొని, క్లోమమును, కండను కురచ చేసికొని పుట్టుననియు, ఆ బిడ్డ జీవితాంతము కొరతలోనే బ్రదికినచో ఆ యమరిక మేలు చేయుననియు, సమృద్ధిలో పడినచో అదే ముప్పగుననియు వారి భావము. పుణెలో యాజ్ఞిక్ మహాశయుడు గావించిన పరిశోధనలో, అచ్చటి పల్లెల శిశువులు సగటున 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువులు 3.5 కిలోలు తూగగా, మన శిశువులలో లోపించినది ముఖ్యముగా కండ. క్రొవ్వు మాత్రము అంతగా తగ్గలేదు. నందన కరవును నేటి మధుమేహమునకు నేరుగా ముడిపెట్టుట సాహసము. కాని కరవు తరువాత కరవు చూచిన వంశములు, ఆనకట్ట తరువాత కూడ పాలేరుతనములో అర్ధాకలితో గడపిన కుటుంబములు, ఒకటి రెండు తరములలోనే కడుపునిండ తెల్లన్నమునకు వచ్చుట ఈ సీమ చరిత్రలో నిజముగా జరిగిన సంగతి. పంచభక్ష్యములకు తరతరములుగా అలవాటుపడినవారికన్న, నిన్నమొన్న అన్నము చూచిన కూలివాని బిడ్డపై ఈ వ్యాధి దెబ్బ కఠినముగా నుండుట నన్ను మిక్కిలి బాధించు విషయము.

అన్నము హెచ్చిన కాలముననే శ్రమ తొలగెను. తాడు భుజమున వేసికొని కాలువగట్టు వెంట పడవలను లాగినవారి స్థానమున లారీలు వచ్చెను. నాగలికి బదులు ట్రాక్టరు, కొడవలికి బదులు కోతయంత్రము వచ్చెను. నీటిబిందె చంకనెత్తు పని కుళాయి తప్పించెను. వీనిలో ఏ యొక్కదానిని నేను నిందింపను; నడుము వంచి ఊడ్చిన స్త్రీకి, రోకలి ఎత్తిన వృద్ధురాలికి ఆ విశ్రాంతి న్యాయముగా రావలసినదే. కాని వారి పళ్ళెములోని అన్నపురాశి తగ్గలేదు. గునపము పట్టిన తాత తిన్నంత అన్నమునే, కుర్చీలో కూర్చున్న మనుమడును తినుచున్నాడు. ఫలితము ఇట్లున్నది: 2005లో ఉభయగోదావరి జిల్లాలలోని 20 గ్రామములలో ముప్పదియేండ్లు దాటిన 4,535 మంది రక్తమును పరీక్షించి మరుసటి యేట ప్రకటించిన లెక్క ప్రకారము, నూటికి 13.2 మందికి మధుమేహము గలదు, మఱి 15.5 మందికి పరగడుపు చక్కెర హద్దు మీరియున్నది. ఇవి నగరములు కావు, వరిచేల నడుమ పల్లెలు. ఆ పరిశోధకుల బృందమే ఈ జిల్లాలలోని 45 గ్రామములలో మరణకారణములను విచారింపగా, దాదాపు మూడవవంతు మరణములు గుండెకు, రక్తనాళములకు సంబంధించిన వ్యాధులవలననే సంభవించినట్లు తేలెను.

ఇట్టి సమయమున జనులు తప్పంతయు మిఠాయిలపై మోపుట పరిపాటి. ఏటికావల ఆత్రేయపురమున పూతరేకులు చేయు స్త్రీలను చూడుడు. బోర్లించిన కుండ క్రింద కొబ్బరాకుల మంట. పలుచని బియ్యపుపిండి నీటిలో ముంచిన గుడ్డను రెండు కొసల పట్టి, కాగిన కుండ వీపుపై ఒక్కమారు పరచి లాగినంతనే, కంటికాననంత పలుచని పొర అంటుకొని, క్షణములో ఎండి, పెళుసై చేతికి వచ్చును. నేయి రాచి, చక్కెరపొడియో బెల్లపుపొడియో చల్లి మడచిన ఆ రేకు, పెండ్లికో పండుగకో ఒకటి రెండు తినుటకు ఉద్దేశింపబడినది. దానిని దోషిగా నిలిపి, మూడు పూటలు పళ్ళెము నిండ తిను మరబియ్యపన్నమును నిర్దోషిగా విడుచుట ధర్మము కాదు. కణమునకు చేరునప్పటికి రెండింటినుండియు వచ్చునది ప్రధానముగా గ్లూకోజే.

అన్నముపైనే గాక శ్రమపైనను దృష్టి నిలుపుట మనకు క్రొత్త కాదు: ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడు మధుమేహము చేరిన ప్రమేహవ్యాధిని సహజమనియు, అపథ్యనిమిత్తమనియు రెండుగా విభజించి, సహజవ్యాధి గలవాడు కృశుడనియు, రెండవవాడు స్థూలుడనియు చెప్పి, నిర్ధనుడైన రోగి చెప్పులు గొడుగు లేక నూరుయోజనములు నడువవలెననియు, ధనికుడు శ్యామాకనీవారములతో బ్రదుకవలెననియు, ఇతరులు సతతము దుక్కి దున్నవలెను లేదా బావి త్రవ్వవలెననియు, కృశించినవానిని మాత్రము రక్షించుకొనవలెననియు విధించెను. రసాయనశాస్త్రము లేని కాలమున కండరపు ప్రాధాన్యమును ఇంత స్పష్టముగా గ్రహించిన ఆ మహానుభావుని దృష్టి ఆశ్చర్యకరము.

ధాన్యమునందును నిరాశపడవలసినది లేదు. పశ్చిమగోదావరిలోని మారుటేరు పరిశోధనస్థానము 1982లో విడుదల చేసిన ఎం.టి.యు. 7029, అనగా మన స్వర్ణ, తూర్పుదేశపు రాష్ట్రములన్నిటను వ్యాపించిన వంగడము. అంతర్జాతీయ వరి పరిశోధనసంస్థవారు 2011లో 235 రకముల బియ్యమును పరీక్షించి, అవి రక్తపు చక్కెరను పెంచు వేగమును సూచించు అంకె 48 మొదలు 92 వరకు మారుచున్నదనియు, స్వర్ణ తక్కువ తరగతిలోనిదనియు ప్రకటించిరి. అట్టి గింజను పండించు డెల్టా రైతు దానిని అమ్మి, తన యింటికి తెల్లగా మెరయు సన్నబియ్యము తెచ్చుకొనుచున్నాడు; పూర్తిగా పాలిష్ పట్టనిది మిల్లునందు అడిగి తీసికొనుట కష్టముగాని అసాధ్యము కాదు. స్వర్ణయైనను పళ్ళెమున రాశి తగ్గనిచో మేలు స్వల్పమే. కండరము విషయమున ఆలస్యము లేదు: చెమటపట్టునంతగా ఒకనాడు పనిచేసిన కండ, ఒకటి రెండు దినములవరకు ఇన్సులిన్ మాటను తేటగా వినునని ప్రయోగములు రుజువు చేసినవి. మూడవనాటికి ఆ ప్రభావము చాలవరకు తగ్గును గనుక, ఆ శ్రమ వారమున ఏ రెండు దినములును ఎడతెగకుండ జరుగవలెను.